అద్దె ఎంత పెట్టాలి? విజయనగరంలో మొదటి ఇల్లు అద్దెకిచ్చేవాళ్ల కోసం

తోటపాలెంలో మా మేడ మీది వాటాకి టులెట్ బోర్డు కట్టిన రోజు నేను పెట్టిన అద్దె నెలకి 9,500. నోటికొచ్చిన అంకె కాదది. బ్యాంకు లోను 25 లక్షలు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల గడువు, నెలకి కిస్తీ దాదాపు 21,700. కింద మేం ఉంటాం కాబట్టి అందులో సగానికి కాస్త తక్కువైనా పైవాటా మొయ్యాలి కదా అనుకున్నాను. వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న తాతకి ఈ లెక్కంతా చెబితే, ఆయన బొగ్గుల పెట్టె పక్కకి జరిపి, "బాబూ, మీ కిస్తీ ఎంతో ఆలకెందుకండి? ఆల జీతమెంతో మీకు కావాల గానీ" అన్నాడు.

ఆ మాట నాకు పూర్తిగా అర్థమయ్యేసరికి నాలుగు నెలలు గడిచాయి. ఆ నాలుగు నెలలూ ఇల్లు ఖాళీ.

మొదటిసారి ఇల్లు అద్దెకిచ్చేవాళ్ల తలలో నాలుగు అంకెలు కలగాపులగంగా తిరుగుతుంటాయి. కిస్తీ ఒకటి. పెట్టిన డబ్బు బ్యాంకులో వేసుకుంటే వచ్చే వడ్డీ రెండోది. పక్కింటాయన "నాకు పదివేలొస్తోంది" అని చెప్పిన మాట మూడోది. టేకు తలుపులు, గ్రానైటు, ఫాల్స్ సీలింగ్ మీద మమకారంతో మనం కట్టుకునే విలువ నాలుగోది. ఈ నాలుగూ ఓనరు వైపువే. ఇంట్లో దిగేవాళ్లకి వీటితో పని లేదు. వాళ్లు చూసుకునేవి రెండే: వచ్చే జీతంలో ఇంటికి ఎంత తీయగలం, ఆ డబ్బుకి ఈ చుట్టుపక్కల ఇంకేం దొరుకుతుంది. అద్దె ఈ రెండింటి మధ్యే తేలుతుంది.

అలాగని కిస్తీ పనికిరాని అంకె కాదు. ఇల్లు కొనాలా వద్దా అని ఆలోచించే రోజున దానంత ముఖ్యమైనది లేదు. కొన్నాక, అద్దె పెట్టే రోజున మాత్రం దాన్ని పక్కన పెట్టాలి. ఉదాహరణకి 35 లక్షలకి ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు కొని 9,000కి అద్దెకిచ్చారనుకుందాం. ఏడాదికి 1,08,000. పెట్టుబడి మీద మూడు శాతం పైచిలుకు. అందులోంచి ఇంటిపన్ను, అపార్ట్‌మెంటు మెయింటెనెన్సు, రంగులు, మధ్యలో ఒక ఖాళీ నెల తీసేస్తే రెండు, రెండున్నర శాతం దగ్గరికి దిగుతుంది. లోను వడ్డీ ఎనిమిదిన్నర. బోర్డు మీద అంకె ఒక వెయ్యి పెంచితే పూడే గొయ్యి కాదది. స్థలం ధర పెరుగుతుందన్న నమ్మకంతో కొన్నవాళ్లు, ఆ నమ్మకమే తమ పెట్టుబడి అని తమకి తాము చెప్పుకోవాలి. అద్దెని దాని నుంచి విడదీసి చూడాలి.

మరి ఎదుటివాళ్ల జీతం ఎలా తెలుస్తుంది? విజయనగరం లాంటి ఊళ్లో అది అంత కష్టం కాదు. ఇక్కడ అద్దెకుండేవాళ్లు ఎక్కువగా ఎవరు? టీచర్లు, కలెక్టరేటు ఉద్యోగులు, చింతలవలసలోని ఐదో బెటాలియన్ పోలీసులు, రైల్వేవాళ్లు, ఆసుపత్రుల్లో నర్సులు, పిల్లల చదువు కోసం గజపతినగరం, చీపురుపల్లి వైపు పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు, పొద్దున్నే రైలెక్కి విశాఖ వెళ్లి రాత్రికి తిరిగొచ్చేవాళ్లు. 2022 పీఆర్సీ (వేతన సవరణ) ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగికి జిల్లా కేంద్రంలో ఇంటి అద్దె అలవెన్సు మూలవేతనంలో 16 శాతం. మూలవేతనం 45,000 ఉన్న టీచరుకి 7,200 వస్తుందన్నమాట. ఇల్లు నచ్చితే ఇంకో ఎనిమిది వందలో వెయ్యో చేతినుంచి వేసుకుంటారు. రెండు వేలు పైన వేసుకోవాలంటే ఇంకో నాలుగు ఇళ్లు చూసొస్తారు. శ్రీకాకుళంలోనైనా ఇదే లెక్క. మీ ఇంటికి రాగల మనిషి ఎవరన్నది తేల్చుకుంటే అద్దె సగం తేలినట్టే.

మిగతా సగం కోసం వీధుల్లో తిరగాలి. నేనూ తిరిగాను, కానీ తప్పుగా తిరిగాను. బోర్డు కనపడిన ప్రతి ఇంటికీ ఫోన్ చేసి అద్దె అడిగాను. 9,000, 9,500, 10,000 అన్నారు. సరే, మనదీ ఆ వరసలోనే ఉందని ధైర్యపడ్డాను. ఇందులో పొరపాటు చాలా రోజులకి గానీ తట్టలేదు. నెలల తరబడి గేటుకి వేలాడుతున్న బోర్డు ఎవరూ ఒప్పుకోని అద్దెని చెబుతుంది. జనం ఒప్పుకున్న అద్దె కావాలంటే బోర్డు తీసేసిన ఇళ్లకి వెళ్లాలి. పోయిన నెలలో సామాను దించుకున్నదెవరు, ఎంతకి దిగారు అని అడగాలి. ఆన్‌లైన్ ప్రకటనలూ అంతే. మూడు నెలలుగా కనిపిస్తున్న ప్రకటనలో అంకెని చూసి మన అద్దె పెట్టుకోకూడదు.

ఈ సమాచారం ఎవరి దగ్గర ఉంటుందంటే, ఇస్త్రీ తాత దగ్గర, కిరాణా కొట్లో, పాలు పోసేవాడి దగ్గర. కొత్తగా ఎవరు దిగినా మొదటి వారంలోనే వీళ్లకి తెలుస్తుంది, ఎవరు ఖాళీ చేయబోతున్నారో అంతకంటే ముందే తెలుస్తుంది. మా వీధిలో ఆ ఏడాది నిండిన మూడు ఇళ్ల అద్దెలు తాత చెప్పాడు: 7,500, 8,000, 8,200. వేలాడుతున్న బోర్డులకీ వీటికీ మధ్య దాదాపు పదిహేను వందలు తేడా.

ఈ మూడింటిలో మన ఇల్లు దేనికి దగ్గరో చూసుకుని కొద్దిగా అటూ ఇటూ సర్దుకోవాలి. మొదటి అంతస్తుకీ కింది వాటాకీ పెద్ద తేడా ఉండదు. లిఫ్టు లేని మూడో అంతస్తుకి ఉంటుంది, పైన ఎండ కాగే డాబా అయితే ఇంకా. కారు పెట్టుకునే చోటుకి అద్దె పెరుగుతుంది. ఫాల్స్ సీలింగ్‌కి పెరగదు.

ఇక ఖాళీ నెల. దీని ఖరీదు కాగితం మీద వేసుకుని చూడాల్సిందే. నేను 9,500 అడిగాను, చివరికి 8,000కి ఇచ్చాను, మధ్యలో నాలుగు నెలలు పోయాయి. ఎనిమిది వేల చొప్పున 32,000. ఒకవేళ నాలుగు నెలలు ఆగాక 9,500కే ఎవరైనా దిగి ఉన్నా, నెలకి అదనంగా వచ్చే 1,500తో ఆ 32,000 తిరిగి రావడానికి 21 నెలలు దాటుతుంది. మనం రాసుకునే అగ్రిమెంటు 11 నెలలది. ఎలా చూసినా గిట్టని బేరం. వెయ్యి రూపాయలు ఎక్కువ కోసం ఒక నెల ఆగడమే అలవాటుగా పెట్టుకుంటే, ఏడాది చివర చేతిలో అదనంగా మిగిలేది మూడు వేలే.

దీనికి తోడు మన ఊళ్లో నెలలన్నీ ఒకటి కావు. నేను బోర్డు కట్టింది ఆషాఢం మొదటి వారంలో. ఆషాఢంలో కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి ఎవరూ ఇష్టపడరు. శ్రావణంలో ఐదు కుటుంబాలు వచ్చి చూశాయి, నా 9,500 విని వెళ్లిపోయాయి. భాద్రపదం మళ్లీ శూన్యమాసం, ఫోను మోగలేదు. ఆశ్వయుజంలో దసరా హడావుడి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తరవాత మంగళవారం వస్తుంది, అది అయ్యేదాకా ఊరంతా ఆ ధ్యాసలోనే ఉంటుంది. అద్దె తగ్గించి రాసిన బోర్డు చూసి ఒక కుటుంబం వచ్చింది, దీపావళికి ముందు దిగారు. ఒక్క శ్రావణం చెయ్యి జారితే ఆశ్వయుజం దాకా ఆగాలన్నది పంచాంగంలోనే ఉంది, నేను చూసుకోలేదు. పిల్లలున్న కుటుంబాలు వేసవి సెలవుల్లోనే ఇల్లు వెతుక్కుంటాయి, సాధారణంగా జూన్ 12న బడులు తెరిచేలోపు దిగిపోవాలని చూస్తాయి. కాబట్టి కొత్త ఇల్లయితే సున్నాలు ఆరకపోయినా సరే మే మొదట్లోనే బోర్డు కట్టాలి. పుష్యంలో ఖాళీ అయ్యే ఇల్లుంటే, పాతవాళ్లు నోటీసు ఇచ్చిన రోజే చెప్పడం మొదలుపెట్టి సంక్రాంతి సెలవుల్లో చూపించాలి, మాఘంలో దిగుతారు.

ఇల్లు చూసేవాళ్లు ఏం చూస్తారు?

చివరికి దిగినావిడ మా ఇల్లు చూసిన తీరు నాకు బాగా గుర్తుంది. భర్త నెల్లిమర్ల దగ్గర బళ్లో టీచరు. ఆయన గుమ్మంలో నిలబడి నాతో మాట్లాడుతుంటే, ఆవిడ తిన్నగా వంటగదిలోకి వెళ్లి కుళాయి తిప్పింది. ధార ఎంత లావుగా వస్తోందో చూసి కట్టేసింది. బాత్రూములో చెంబుతో నీళ్లు పోసి అవి తూము వైపు పారుతున్నాయా, మూల నిలిచిపోతున్నాయా అని వంగి చూసింది. తరవాత మా ఆవిణ్ని అడిగింది: "మున్సిపాలిటీ నీల్లు ఎన్ని గంటలకొస్తాయక్కా? పైకెక్కుతాయా, మోసుకోవాలా?" పడమటి కిటికీ తెరిచి ఎండ ఎంతవరకు పడుతుందో అడిగింది. ఆఖరున, "మేడ మీద వడియాలు ఎట్టుకోనిస్తారా?" నేను 45,000 పెట్టి చేయించిన ఫాల్స్ సీలింగ్ వైపు తలెత్తలేదు.

ఆవిడ ప్రశ్నలే మంచి ప్రకటనకి ముసాయిదా. ఒట్టి "టులెట్" అని, కింద ఫోన్ నంబరు రాసి వదిలేసిన బోర్డుకి వచ్చే ఫోన్లలో ఎక్కువ వృథా. ఇప్పుడైతే నేను ఇలా రాస్తాను: "మొదటి అంతస్తు. రెండు బెడ్‌రూములు, హాలు, వంటగది. బోరు నీళ్లు పైకి 24 గంటలూ, మున్సిపల్ కుళాయి కింద. విడి మీటరు. స్కూటర్లకి నీడ ఉంది, కారుకి చోటు లేదు. మెట్ల మలుపులో పెద్ద బీరువా తిరగదు. అద్దె 8,000, అడ్వాన్సు రెండు నెలలు. సాయంత్రం ఐదు తరవాత చూడొచ్చు." బీరువా సంగతి ఎందుకంటే, సామాను లారీ వచ్చాక మెట్ల దగ్గర ఆ విషయం బయటపడితే ఇద్దరికీ నరకం. లోపం ముందే చెప్పిన ఓనరు మాట మిగతా విషయాల్లోనూ నమ్ముతారు.

అద్దె అంకె బోర్డు మీద రాయొద్దు, మనిషిని చూసి చెప్పాలి అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అంకె రాస్తే ఫోన్లు తగ్గుతాయి, వచ్చినవి మాత్రం దిగే ఉద్దేశంతో వస్తాయి. మనిషిని బట్టి అద్దె మారిస్తే రెండో నెలకే వీధిలో తెలిసిపోతుంది.

ఆన్‌లైన్‌లో పెట్టే ఫొటోలు పొద్దున్న ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య కిటికీలన్నీ తెరిచి తీయాలి. హాలు ఒక్కటే నాలుగు కోణాల్లో తీసే బదులు వంటగది గట్టు, బాత్రూము, మెట్లు, బాల్కనీలోంచి వీధి ఒక్కొక్కటి తీస్తే చాలు. ఒక జాగ్రత్త: ప్రకటన పెట్టగానే "మిలిటరీలో పనిచేస్తున్నాను, ఇల్లు చూడక్కర్లేదు, అడ్వాన్సు ఇప్పుడే వేస్తాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చెయ్యండి" అని ఫోన్లు వస్తాయి. డబ్బు తీసుకోవడానికి మనం కోడ్ స్కాన్ చెయ్యక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. అలా అడిగితే మోసమే.

ఇంకో విషయం సూటిగా చెప్పాలి. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లని "మీరెవరు?" అని అడగడం మన దగ్గర ఎంత మామూలో అందరికీ తెలుసు. ఆ రెండు మాటల వెనక అడుగుతున్నది కులం. అడిగించుకున్నవాళ్ల ముఖం ఎలా మారుతుందో నేను చూశాను, మా బంధువుల ఇంట్లోనే. అది తప్పు, అంతే. వ్యాపారంగా చూసినా, పెట్టే ప్రతి షరతూ వచ్చేవాళ్లని తగ్గిస్తుంది, వచ్చేవాళ్లు తగ్గితే అద్దె తగ్గుతుంది లేదా ఖాళీ నెల పెరుగుతుంది. అడగాల్సినవి వేరే ఉన్నాయి: ఎక్కడ పనిచేస్తున్నారు, ఎంతమంది ఉంటారు, పాత ఇల్లు ఎందుకు ఖాళీ చేస్తున్నారు, పాత ఓనరు నంబరు ఇస్తారా. ఆఖరి ప్రశ్నకి తడుముకోకుండా నంబరు ఇచ్చేవాళ్లతో ఎప్పుడూ చిక్కు రాలేదు నాకు.

చింతలవలస, ద్వారపూడి వైపు ఇల్లున్నవాళ్లకి విద్యార్థుల లెక్క వేరు. కుటుంబానికి 7,500కి ఇచ్చే వాటాని నలుగురు కుర్రాళ్లకి తలకి 2,500 చొప్పున ఇస్తే పదివేలు. కానీ పరీక్షలయ్యాక రెండు నెలలు ఖాళీ. పది నెలలకి లక్ష, కుటుంబమైతే పన్నెండు నెలలకి 90,000. మిగిలిన పదివేలలోంచే కుళాయిలు, తలుపుల గొళ్లేలు, అదనపు నీళ్లు, ఏటా రంగులు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు, అందులోనూ వేరే ఊళ్లో ఉద్యోగం చేసుకునేవాళ్లు, కుటుంబానికి ఇవ్వడమే తేలిక.

భోగాపురం మాట లేకుండా ఇప్పుడు మా జిల్లాలో ఇంటి ముచ్చట సాగదు. విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో మరోసారి శంకుస్థాపన జరిగింది. శంకుస్థాపన మాట వినపడగానే స్థలం ధర కదులుతుంది, ఎందుకంటే స్థలం కొనేవాడు పదేళ్ల తరవాతి సంగతి కొంటున్నాడు. అద్దెకి దిగేవాడు ఈ నెల సంగతి చూసుకుంటాడు. జీతం తీసుకునే మనుషులు నిజంగా వచ్చి ఇళ్లు వెతుక్కోవడం మొదలుపెట్టాకే అద్దె కదులుతుంది. "ఎయిర్‌పోర్టు వస్తోంది కదా" అని ఈ రోజు అద్దెకి వెయ్యి కలిపితే, ఆ వెయ్యి ఇచ్చే మనిషి ఇంకా ఊళ్లోకి రాలేదు.

మీటరు, కాగితం, పన్ను

విడి మీటరు గురించి బోర్డులో రాయమన్నాను. దాని వెనక లెక్క ఉంది. మనకి కరెంటు ఇచ్చే ఈపీడీసీఎల్ పరిధిలో 2022-23 టారిఫ్ ప్రకారం గృహ కరెంటు మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ఖరీదు పెరుగుతుంది. కింద 150, పైన 150 యూనిట్లు వాడే రెండు కుటుంబాలకి విడివిడి మీటర్లుంటే ఒక్కొక్కరికి 567, మొత్తం 1,134. అదే ఇద్దరిదీ ఒకే మీటరు మీద 300 అయితే 1,673. ఇతర చార్జీలు వేరే. నెలకి 540 రూపాయల దండుగ, పైగా ఎవరెంత వాడారన్న గొడవ. సబ్‌మీటరు పెడితే గొడవ తీరుతుంది గానీ దండుగ తీరదు. ఇల్లు కడుతున్నప్పుడే పైవాటాకి వేరే సర్వీసు తీసుకోవాలి. అద్దె మీద ఐదొందలు పెంచడం కంటే ఎదుటివాళ్ల కరెంటు బిల్లులో ఆ ఐదొందలు మిగల్చడం తేలిక, ఇల్లు నిండేది కూడా దానివల్లే.

నీళ్ల సంగతీ అలాంటిదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి కరెంటు పోయిన రోజుల్లో మోటార్లు పనిచెయ్యలేదు. పెరట్లో నుయ్యి పూడ్చకుండా ఉంచుకున్న ఇళ్ల దగ్గర బిందెలు వరసకట్టాయి. పాత ఇల్లు కొని అద్దెకిచ్చేవాళ్లు ఆ నూతిని పూడ్చొద్దని నా మనవి. వానాకాలం ముగిసేదాకా ఆగకుండా డాబా కారుడు, సన్‌షేడ్లు వేసవిలోనే చూసుకోవాలి. మనకి పెద్ద తుఫాన్లు అక్టోబరులోనే వచ్చాయి. శ్రీకాకుళాన్ని కొట్టిన తిత్లీ కూడా 2018 అక్టోబరు 11నే.

అగ్రిమెంటు 11 నెలలకే ఎందుకు రాస్తారని చాలామంది అడుగుతారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ మూలరూపంలో ఏడాదికి మించిన లీజునే తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి; మన రాష్ట్రం 1999లో చేసిన సవరణతో ఇక్కడ ఏ గడువు లీజుకైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరే. పాత నియమం కింద ఆ ఖర్చు తప్పించుకోవడానికి మొదలైన 11 ఇప్పటికీ అలవాటుగా మిగిలింది. కాగితంలో అద్దె, అడ్వాన్సు, ఎన్నో తారీఖులోపు కట్టాలి, ఖాళీ చేయడానికి ఎన్నాళ్ల ముందు చెప్పాలి, రంగుల ఖర్చు ఎవరిది అన్నవి తేటగా ఉండాలి. ఏమీ రాసుకోకపోతే నెలవారీ అద్దెకి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 15 రోజుల నోటీసు వర్తిస్తుంది. పదిహేను రోజుల్లో ఇల్లు వెతుక్కోవడం ఎవరికైనా కష్టం, నెల అని రాసుకోవడం ఇద్దరికీ న్యాయం. దిగే రోజు మీటరు రీడింగు కాగితం మీద రాసి, ఇల్లంతా ఫోనులో వీడియో తీసి వాళ్లకీ పంపించండి. అడ్వాన్సు తిరిగిచ్చే రోజున గోడ మీది మేకుల గురించి వాదన రాదు.

ఆదాయపన్ను దగ్గర కొత్తవాళ్లు పడే భ్రమ ఒకటుంది. ఏడాది అద్దె 1,08,000లోంచి మీరు కట్టిన ఇంటిపన్ను, 4,000 అనుకుందాం, తీసేస్తే 1,04,000. అందులో 30 శాతం, అంటే 31,200, మీరు మరమ్మతులకి ఖర్చుపెట్టినా పెట్టకపోయినా మినహాయిస్తారు. మిగిలిన 72,800లోంచి లోను వడ్డీ తీసేయొచ్చు. వడ్డీ అంతకంటే ఎక్కువుంటే నష్టం తేలుతుంది. పాత పద్ధతిలో ఆ నష్టాన్ని రెండు లక్షల దాకా జీతంలోంచి తగ్గించుకునే వీలుంది. కొత్త పద్ధతిలో లేదు. "లోను మీద ఇల్లు కొని అద్దెకిస్తే జీతం మీద పన్ను కలిసొస్తుంది" అన్న పాత సలహా విని కొనబోయేవాళ్లు, తాము ఏ పద్ధతిలో పన్ను కడుతున్నారో ముందు చూసుకోవాలి. ఇంటిపన్ను విషయంలో ఒక చిన్న లాభం: ఏడాది మొత్తానిది ఏప్రిల్‌లోనే కడితే 5 శాతం రాయితీ ఇస్తారు.

పదకొండు నెలలు నిండాక అద్దె పెంచడం గురించి. ఐదు శాతం అంటే మా ఇంటికి 400. వాళ్లు కాదని వెళ్లిపోతే రంగులకి పదిహేను వేలు, ఒక ఖాళీ నెలకి ఎనిమిది వేలు, మొత్తం 23,000. నాలుగు వందల చొప్పున దాన్ని రాబట్టడానికి దాదాపు ఐదేళ్లు పడుతుంది. అందుకని అగ్రిమెంటు తిరగరాసే ముందు వైశాఖంలోనే మాస్టారితో మాట్లాడాను, వీధిలో కొత్తగా నిండిన రెండు ఇళ్ల అద్దెలు ఆయనకే చెప్పాను. 8,300 దగ్గర ఇద్దరం ఒప్పుకున్నాం. బాత్రూము మూల నీళ్లు నిలుస్తున్నాయని ఆవిడ అంది. వారంలో మేస్త్రీని పిలిచి ఆ మూల పగలగొట్టి వాటం సరిచేయించాను.